సూదికి జంకెందుకమ్మా?

ఉగాది మర్నాడు కర్నూలు జిల్లా ఆస్పరి మండలం కైరుప్పలలో పిడకల సమరం జరుగుతుంది. వీరభద్రస్వామి, కాళికాదేవి పేరున ఊరు రెండు వర్గాలై పిడకలు విసురుకుంటుంది. దెబ్బ తగిలినా ఎవరూ వెనక్కి తగ్గరు.

మరి ఆ రోజు వంటింట్లో ఉన్న ఇల్లాలి సంగతి? భక్ష్యాలు చేయాలి. ఆదోని నుంచీ, ఎమ్మిగనూరు నుంచీ వచ్చిన చుట్టాలకు వడ్డించాలి. ఆమెకు చక్కెర జబ్బు ఉండి, డాక్టరుగారు ఇన్సులిన్ రాశారనుకోండి. "ఇంతమందిలో సూది ఎట్లా పొడుచుకునేది? ఎవరైనా చూస్తే?" అని ఆ పూటకు మానేస్తుంది. లేదా చాటుగా వేసుకుని, అందరి భోజనాలూ అయ్యేదాకా పస్తుంటుంది. రెండూ ప్రమాదమే!

అసలు మనల్ని భయపెట్టేది సూది కాదు, మనసులో నాటుకున్న మాటలు.

"ఇన్సులిన్ దాకా వచ్చిందంటే ఇక ఆఖరి దశే!" కాదండీ. 1922లో టొరంటోలో చావుకు దగ్గరైన 14 ఏళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. ఆ పిల్లాడు మరో 13 ఏళ్లు బతికాడు. ఇన్సులిన్ బతికించడానికి వచ్చిన మందు.

"ఫలానా ఆవిడకు సూదులు మొదలుపెట్టాకే కాలు తీసేశారు." కాలిని పాడుచేసేది ఏళ్ల తరబడి అదుపు తప్పిన చక్కెర. భయపడి ఆలస్యం చేస్తేనే ఆ ముప్పు పెరుగుతుంది.

"నోరు కట్టుకోలేదు, అందుకే ఈ శిక్ష." పథ్యంగా ఉన్నవారికీ ఏళ్లు గడిచేకొద్దీ క్లోమగ్రంథి అలసిపోవచ్చు. అది మీ తప్పు కాదు.

"ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతుందట." ఇది మత్తుమందు కాదు. మన ఒంట్లోనే తయారయ్యే పదార్థం. తక్కువైనప్పుడు బయటి నుంచి ఇస్తారు, అంతే.

ఇవి గుర్తుంచుకోండి:

● భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ అయితే, వేసుకున్నాక డాక్టరు చెప్పిన వేళకు తప్పక తినండి. పండగైనా సరే, ముందు మీ విస్తరి వేసుకోండి. వడ్డన ఆ తర్వాత.

● చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే చక్కెర పడిపోయిందన్నమాట. వెంటనే 3 చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగండి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ తాగండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

● సీసా మీద 40 అని ఉంటే 40 సిరంజే వాడాలి. 100 సిరంజితో తీస్తే మోతాదు తారుమారవుతుంది.

● రోజూ ఒకేచోట పొడవకండి. పొట్ట మీద బొడ్డుకు రెండు వేళ్ల దూరం వదిలి, చోటు మారుస్తూ ఉండండి.

● కొత్త సీసా ఫ్రిజ్‌లో ఉంచండి, గడ్డకట్టే అరలో మాత్రం వద్దు. ఫ్రిజ్ లేదా? పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టండి. సీసాను డబ్బాలో ఉంచి ఆ కుండలో పెట్టి మూత వేయండి. మన ఎండలకు ఈ ఉపాయం బాగా పనికొస్తుంది.

● మోతాదు మీ అంతట మీరు మార్చకండి, మానకండి.

అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. ఈ రోజే ఇంట్లో ఒకరికి, కూతురికో, కోడలికో, మీవారికో, "నేను ఇన్సులిన్ వేసుకుంటున్నాను" అని చెప్పండి. చక్కెర పడిపోయిన రోజున గ్లాసు అందించేది ఆ చెయ్యే. దాచుకుంటే ఆ చెయ్యి కూడా దూరమవుతుంది కదా!