చదునుకి మూడు పలకలు

లేతు గానీ మిల్లింగు మిషను గానీ లేకుండా, ఆకురాయితో రాచి చేసిన చిన్న ఇత్తడి ముక్కకి కచ్చితత్వం ఎలా వస్తుందని చాలామంది అడుగుతుంటారు. మిషనుది కచ్చితమైన పని, చేతిది ఉజ్జాయింపు పని అన్న నమ్మకం అంతగా పాతుకుపోయింది. మరి మొదటి కచ్చితమైన మిషన్లని ఏ మిషన్ల మీద చేశారు? వాటి జారుడు తలాల్ని చదును చేసినవి మనుషుల చేతులే. ఆ చదును ఎలా సాధించాలో 1840లో గ్లాస్గోలో జరిగిన ఒక సభలో ఆంగ్లేయ ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ వివరించాడు: పలకల మధ్య కురుందం పొడి వేసి రుద్దితే చదును రాదు, పొడి ఎక్కడ ఎక్కువ చేరితే అక్కడ ఎక్కువ అరుగుతుంది. రంగు పూసి ఎత్తులు కనిపెట్టి, వాటిని మాత్రమే గీకాలి.

అయితే ఎత్తుని దేనితో పోల్చాలి? రెండు పలకల్ని ఒకదానితో ఒకటి సరిచూసుకుంటే చాలదా? చాలదు. ఏళ్ళ తరబడి నూరిన సన్నికల్లు నడుమ గుంట పడుతుంది. పొత్రం ఆ గుంటకి తగ్గట్టు నడుమ ఉబ్బుగా, కొసల సన్నంగా అరుగుతుంది. రెండూ చక్కగా కుదురుతాయి గానీ రెండిట్లో ఏదీ చదును కాదు. అదే సన్నికల్లు మీద అరిగిన మరో పొత్రాన్ని తెచ్చి, మొదటి పొత్రానికి ఆనించి చూడండి. రెండు ఉబ్బులూ నడుమ మాత్రమే తగులుతాయి, దాగి ఉన్న తప్పు బయటపడుతుంది. ఇనప పలకలైనా అంతే. మూడు పలకల్లో ప్రతిదీ మిగిలిన రెండింటితోనూ అతకాలంటే గుంటకీ ఉబ్బుకీ చోటుండదు. ఒక పలకని పావు చుట్టు తిప్పి మళ్ళీ చూస్తే మెలిక కూడా దొరికిపోతుంది. ఇందులో ముందే కచ్చితంగా ఉన్న వస్తువంటూ ఒక్కటీ లేదు. కచ్చితత్వం పోలికలోంచే పుట్టింది!

చిన్న ముక్కకి ఇంత హంగామా అక్కర్లేదు. మందపాటి అద్దం మీద నూనెలో కలిపిన దీపపు మసిని పలచగా రాసి, ముక్కని ఆనించి, నల్లబడ్డ చోట్ల మాత్రమే గీకాలి. గీకుడు పనిముట్టుకి పాత ఆకురాయి చాలు. పళ్ళు అరగదీసేటప్పుడు మాటిమాటికీ నీళ్ళలో ముంచాలి, నీలిరంగు తిరిగిందంటే పదును నిలవదు. ఇదంతా ఆలస్యం కదా అంటే, నిజమే. వంద ముక్కలు కావాలంటే లేతు దగ్గరికే వెళ్ళాలి. కానీ ఈ పనితనం కులంలోనో రక్తంలోనో ఉండాలనే మాటకి మాత్రం ఆధారం లేదు. తప్పుని చూపించేది రంగు, వంశం కాదు. లంబకోణాన్ని సరిచూసే మూలమట్టాన్నే తీసుకోండి. తిన్నని అంచుకి ఆనించి ఒక గీత గీసి, మట్టాన్ని బోర్లించి అదే బిందువు నుంచి ఇంకో గీత గీస్తే, ఎవరి చేతిలో ఉన్నా అది తన తప్పు తానే చెబుతుంది. గీతలు ఒకదాని మీద ఒకటి పడితే మట్టం సరైనదే. పై కొసల్లో విడిపోతే, ఆ ఎడం అసలు తప్పుకి రెట్టింపు. కాబట్టి అందులో సగం మేరకే ఆకురాయి పెట్టాలి.