అంగడిలో విద్యుత్ కాగితం: కొనే ముందు చేయదగిన పరీక్ష

మాతృదేశం నుండి వచ్చిన తల్లిదండ్రులకు ఫ్రీమాంట్‌లో వేసవి మధ్యాహ్నాలు దీర్ఘంగా గడుస్తాయి. పెట్టెలో తెచ్చుకున్న నాలుగు తెలుగు పుస్తకాలు నెల తిరగకుండానే పూర్తవుతాయి. అరచేతిలో ఇమిడే పఠన పరికరం ఒకటి కొని ఇద్దామని అప్పుడు పిల్లలకు తోస్తుంది. ఆలోచన మంచిదే. కాని అంగడిలో అది కనిపించే తీరును బట్టి గుణదోషాలు నిర్ణయిస్తే పొరపడే అవకాశం ఉన్నది.

ఈ పరికరం తెరను విద్యుత్ కాగితం అంటారు. 1997లో మసాచుసెట్స్‌లో స్థాపితమైన ఈ-ఇంక్ సంస్థ పద్ధతిలో, వెంట్రుక మందమంత గుళికలు తెరనిండా పరచి ఉంటాయి. ఒక్కొక్క గుళికలో విరుద్ధ విద్యుదావేశాలు గల తెలుపు, నలుపు రేణువులు ద్రవంలో తేలుతుంటాయి. విద్యుత్ క్షేత్రం దిశను బట్టి ఏదో ఒక రంగు పైకి వస్తుంది. పుట మారినప్పుడు తప్ప అక్షరాలను నిలిపి ఉంచడానికి విద్యుత్తు అక్కరలేదు. గుళికలకు మారుగా ప్లాస్టిక్ పొరపై అచ్చొత్తిన సూక్ష్మమైన గిన్నెలలో రేణువులను నింపే విధానాన్ని రూపొందించిన సిపిక్స్ సంస్థ మన ఫ్రీమాంట్‌లోనే ఉండేది. 2012లో దానిని ఈ-ఇంక్ కొనుగోలు చేసింది.

2007 నవంబరులో వెలువడిన కిండిల్‌ను తొలుత అమెజాన్ అంతర్జాలం ద్వారానే విక్రయించింది. 2010లో టార్గెట్, బెస్ట్ బై వంటి దుకాణాలలో దానిని చేతితో పట్టుకొని చూసే వీలు కలిగింది. అయితే చూసినంత మాత్రాన తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి.

మొదటిది వెలుతురు. విద్యుత్ కాగితం, మామూలు కాగితం వలెనే, తనపై పడిన కాంతితో కనిపిస్తుంది. పక్కనే ధగధగ మెరిసే రంగుల తెరలుంటే ఇది వెలవెలబోయినట్లు తోచడం సహజం. కనుక దానిని ఆ తెరలతో పోల్చరాదు. వెంట ఒక తెలుగు పుస్తకం తీసుకువెళ్లి, ఆ పుటతో పోల్చాలి. పరికరంలో దీపం ఉంటే తగ్గించి, హెచ్చించి చూడాలి.

రెండవది మన లిపి. ప్రదర్శనకు ఉంచిన పరికరం సాధారణంగా ఆంగ్ల పుటలనే చూపుతుంది. తెలుగులో ఒత్తులు, గుణింతాలు తమ స్థానాలలో కుదరాలంటే అక్షరరూపాలతో పాటు వాటిని కూర్చే నేర్పు కూడా పరికరానికి ఉండాలి. అది లేనప్పుడు ‘రాష్ట్రం’ అనే మాట ముక్కలై, ఒత్తులకు బదులు పొల్లులు కనిపిస్తాయి. అక్షరరూపాలే లేకపోతే ఖాళీ గళ్ళు మిగులుతాయి. 2016 చివర కిండిల్‌కు చేర్చిన ఐదు భారతీయ భాషలలో తెలుగు లేదు. పుటను బొమ్మగా చూపితే అక్షరాలు చెదరవు గాని, చిన్న తెరపై సన్నబడతాయి. పెద్దవి చేస్తే ప్రతి పంక్తికీ పుటను పక్కకు జరపవలసి వస్తుంది. వృద్ధుల కళ్ళకు అది శ్రమ.

కనుక తిరిగి ఇచ్చే గడువు ఎంతో అడిగి తెలుసుకుని, ఇంటికి రాగానే ఒక తెలుగు పుస్తకాన్ని అందులోకి ఎక్కించి, తల్లిదండ్రుల చేతనే పది పుటలు చదివించండి. ధర, హంగులు తరువాతి మాట. చదవవలసిన కళ్ళు వారివి. తీర్పు కూడా వారిదే కావాలి.