దూరవిద్యలో రిటైల్ నిర్వహణ: అంగడిమాట, పాఠ్యపదం

వ్యాససంగ్రహం:
ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో రిటైల్ నిర్వహణ చదివే విద్యార్థికి పుస్తకమే ప్రధాన గురువు. ఆ విద్యార్థి అప్పటికే ఒక దుకాణంలో పనిచేస్తూ ఉంటే, పాఠంలోని విషయం కొంతవరకు అనుభవంలో ఉన్నదే, కొత్తది పరిభాష. అంగడిమాటకూ పాఠ్యపదానికీ మధ్య మూడు విధాల సంబంధాలు ఉన్నాయనీ, వాటిని మూడు విధాలుగా బోధించాలనీ ఈ వ్యాసం సోదాహరణంగా వివరిస్తుంది.

కీలకపదాలు: దూరవిద్య, చిల్లర వర్తకం, పరిభాష, వృత్తిపదాలు, స్వయం అధ్యయన పాఠం.

1. ఉపోద్ఘాతం:
1982లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో ఆ తరహా విశ్వవిద్యాలయాలలో మొదటిది. అదే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో పార్లమెంటు చట్టం ద్వారా ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) ఏర్పడింది. ఈ రెండింటికీ తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి. పని మానుకోలేనివారికి ఉన్నతవిద్యను అందించడం ఈ సంస్థల ఆశయం. ఇగ్నో రిటైలింగ్‌లో డిప్లొమా, బి.బి.ఏ. కోర్సులను ప్రవేశపెట్టడంతో దుకాణంలో పనిచేసేవారు తమ వృత్తినే శాస్త్రంగా చదువుకునే వీలు కలిగింది.

2. విద్యార్థి సమయం:
ఇగ్నో విధానంలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల అధ్యయనం. పాఠం చదవడం, అభ్యాసాలు రాయడం, సంప్రదింపు తరగతులకు హాజరు కావడం అన్నీ ఇందులో భాగాలే. ఆ లెక్కన 4 క్రెడిట్ల పాఠ్యాంశానికి 120 గంటలు కావాలి. రోజుకు ఒక గంట కేటాయించగల విద్యార్థికి అది నాలుగు నెలల పని. సంప్రదింపు తరగతులు సాధారణంగా సెలవుదినాలలో జరుగుతాయి. దుకాణాలకు గిరాకీ ఎక్కువగా ఉండేదీ ఆ రోజులలోనే. అందువల్ల ఇతర కోర్సుల విద్యార్థులకంటే రిటైల్ విద్యార్థి పుస్తకంపై ఎక్కువగా ఆధారపడక తప్పదు.

దూరవిద్యా పాఠం విద్యార్థితో సంభాషిస్తున్నట్లుగా సాగాలని స్వీడన్‌కు చెందిన బోర్యె హోమ్‌బెర్గ్ ప్రతిపాదించాడు. దూరం అనేది కేవలం మైళ్ల లెక్క కాదనీ, బోధకునికీ అభ్యాసకునికీ మధ్య అవగాహనలో ఏర్పడే ఎడం అనీ అమెరికాకు చెందిన మైకేల్ మూర్ సిద్ధాంతీకరించాడు. ఈ దృష్టితో చూస్తే అర్థం కాని పరిభాష కూడా ఆ దూరాన్ని పెంచుతుంది. తరగతిగదిలో అధ్యాపకుడు ఒక్క ఉదాహరణతో తీర్చగల సందేహం, దూరవిద్యలో పరీక్ష వరకూ అలాగే మిగిలిపోవచ్చు.

3. అంగడిమాట – పాఠ్యపదం:

3.1 మాట, భావం రెండూ కలిసినవి:
'రిటైల్' అనే ఇంగ్లీషు మాటకు మూలం 'కోసి వేరుచేయడం' అనే అర్థం గల ప్రాచీన ఫ్రెంచి పదం. పెద్ద మొత్తాన్ని చిన్న భాగాలుగా అమ్మడమే అందులోని భావం. తెలుగులో 'టోకు'కు ఎదురుగా నిలిచే 'చిల్లర' అనే మాట కూడా ఆ భావాన్నే ఇస్తుంది. గిరాకీ, నిల్వ, అరువు వంటివి కూడా ఇలాంటివే. తెలంగాణలో 'ఉద్దెర' అనే మాట వాడుకలో ఉంది కనుక 'అరువు' పక్కన దానినీ చేర్చడం అవసరం. కొన్నిచోట్ల పేరు లేకపోయినా ఆచరణ ఉంటుంది. పాత సరుకును ముందుకు జరిపి కొత్త సరుకును వెనుక సర్దడం ప్రతి కిరాణా కొట్టులోనూ చూడవచ్చు. పాఠ్యగ్రంథం దానినే 'ఫస్ట్ ఇన్, ఫస్ట్ అవుట్' అంటుంది. ఇటువంటి చోట అంగడిమాటతో మొదలుపెట్టి పాఠ్యపదాన్ని దానికి జతచేస్తే సరిపోతుంది.

3.2 మాట ఒకటే, పరిధి వేరు:
పొరపాటు జరిగేది ఎక్కువగా ఇక్కడే. 'లాభశాతం' అనే మాటను పరిశీలిద్దాం. పాఠశాల గణితంలో లాభశాతాన్ని కొన్నవెల మీద లెక్కిస్తారు. రూ. 80కి కొన్న వస్తువును రూ. 100కు అమ్మితే రూ. 20 లాభం, కొన్నవెల మీద అది 25 శాతం. రిటైల్ శాస్త్రంలో దీనిని 'మార్కప్' అంటారు. అదే రూ. 20ని అమ్మినవెల మీద లెక్కిస్తే 20 శాతమే. దీనిని 'మార్జిన్' అంటారు. రెండింటినీ 'లాభశాతం' అనే అనువదిస్తే ఏం జరుగుతుంది? 25 శాతం మార్జిన్ ఉండేలా విడిసరుకుకు ధర కట్టమన్నప్పుడు విద్యార్థి రూ. 80కి నాలుగో వంతు కలిపి రూ. 100 అని రాస్తాడు. నిజానికి ఆ ధర సుమారు రూ. 106.67 ఉండాలి. కూడిక తప్పు కాదు; ఒకే మాట రెండు లెక్కలకు పేరు కావడమే తప్పుకు మూలం. 'కొన్నవెలపై లాభశాతం', 'అమ్మినవెలపై లాభశాతం' అని విడదీసి చెబితే ఈ చిక్కు తీరుతుంది.

రెండవ ఉదాహరణ 'తరుగు'. బెల్లం, చింతపండు, ధాన్యం వంటివి తేమ ఆరి తూకం తగ్గడాన్ని అంగడిలో తరుగు అంటారు. పాఠ్యగ్రంథాలలోని 'ష్రింకేజ్' అంతకంటే విస్తృతమైనది. పుస్తకాల లెక్క ప్రకారం రూ. 50,000 సరుకు ఉండవలసిన చోట రూ. 48,800 సరుకే లెక్కకు వస్తే, తేడా రూ. 1,200 ష్రింకేజ్ అవుతుంది. దొంగతనం, బిల్లింగు పొరపాటు, సరఫరాదారు తక్కువ పంపడం, సరుకు పాడవడం కూడా దీనికి కారణాలు కావచ్చు. దీనిని కేవలం 'తరుగు' అంటే విద్యార్థి సహజమైన నష్టంగా భావించి కారణం వెదకడు. 'సంకోచం' అని నిఘంటువు చూసి అనువదిస్తే అసలు విషయమే అందదు. పైగా వాణిజ్యశాస్త్రంలో 'తరుగుదల' అనే మాట యంత్రాలు, భవనాల వంటి ఆస్తుల విలువ తగ్గడానికి స్థిరపడి ఉంది. కనుక 'సరుకు లెక్కలో తేడా' అని ముందుగా వివరించి, అందులో తరుగు ఒక భాగమని చెప్పి, ఆ తరువాత 'ష్రింకేజ్'ను పరిచయం చేయడం ఉచితం.

3.3 మాట, భావం రెండూ కొత్తవి:
ఏ అరలో ఏ సరుకును ఎన్ని వరుసలలో ఉంచాలో చూపే పటాన్ని 'ప్లానోగ్రామ్' అంటారు. ఒకే కంపెనీ కొబ్బరినూనె 100, 200, 500 మిల్లీలీటర్ల సీసాలలో వస్తే, నిల్వ లెక్కలో అవి మూడు 'ఎస్.కె.యు.'లు. వీటికి సంస్కృత సమాసాలు కల్పించడం వల్ల విద్యార్థి ఒకే భావానికి రెండు కొత్త మాటలు నేర్చుకోవలసి వస్తుంది. ఎరువుమాటను తెలుగు లిపిలో అలాగే ఉంచి, పటంతో, ఉదాహరణతో వివరించడం మేలు.

4. పాఠ్యరచనకు సూచనలు:
పాఠం రాసేవారు వృత్తిపదాలను ముందుగా సేకరించాలి. దీనికి తెలుగులో బలమైన సంప్రదాయమే ఉంది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను ఆ వృత్తిలో ఉన్నవారి నోటినుండే సేకరించింది. ఆ పద్ధతి అంగడి పదాలకూ వర్తిస్తుంది. వాణిజ్య అధ్యాపకుడు భావం పరిధిని నిర్ణయిస్తే, తెలుగు అధ్యాపకుడు మాట పరిధిని పరీక్షించగలడు. ఈ ఇద్దరూ కలిసి పనిచేయాలి.

అభ్యాసాలు కూడా విద్యార్థి పనిచేసే చోటినుండే రావాలి. 'ష్రింకేజ్‌ను నిర్వచించండి' అనే ప్రశ్నకు పుస్తకంలోని వాక్యమే జవాబుగా వస్తుంది. యజమాని అనుమతితో ఒక అరలోని సరుకు లెక్కించి, పుస్తకాల లెక్కతో పోల్చి, తేడాకు కారణాలు రాయమంటే విద్యార్థికి భావం పట్టుబడిందో లేదో తెలుస్తుంది.

5. ముగింపు:
దుకాణంలో పనిచేస్తూ చదివే విద్యార్థి విషయం తెలియనివాడు కాదు. తెలిసినదానిని శాస్త్రభాషలో గుర్తుపట్టవలసినవాడు. ఉన్న మాటను వాడుకోవడం, పరిధి మారినచోట హెచ్చరించడం, లేనిచోట ఎరువుమాటను వివరించడం అనే మూడు పద్ధతులను పాఠం పాటిస్తే ఆ గుర్తింపు సులభమవుతుంది. పాటించకపోతే జరిగే నష్టం పరీక్ష మార్కులతో ఆగదు; ధర కట్టడంలో, సరుకు లెక్కలో తప్పుగా తేలి, చివరికి అతని ఉద్యోగాన్నే ప్రశ్నార్థకం చేయవచ్చు. కనుక దూరవిద్యా పాఠాలలో పరిభాషను సరిచూడడం భాషాధ్యాపకుల బాధ్యతలలో ఒకటి కావాలి.