పట్టు ఎక్కడ గట్టిపడుతుంది?

బరంపురం నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. వాళ్లది దేవాంగుల ఇల్లు, తాతల నాటి మగ్గం. "పురుగు పొట్టలో పట్టు నీళ్లలా ఉంటుందని, బయటికి రాగానే గాలికి ఆరి దారమవుతుందని మా పెద్దవాళ్లు చెప్పేవారు. అదే నిజమైతే గూళ్లను మరిగే నీళ్లలో వేసినప్పుడు దారం మళ్లీ కరిగిపోవాలి కదా? జిగురు కరుగుతోంది, దారం మాత్రం మిగులుతోంది. ఎందుకు?" అని అడిగారు.

ఇంత చక్కటి ప్రశ్న ఈమధ్య ఈ శీర్షికకు రాలేదు. నీళ్లలో కరిగి ఉన్నది ఆరితే, నీళ్లు తగలగానే తిరిగి కరగాలి. బెల్లం పాకమూ, తుమ్మజిగురూ అంతే. పట్టు అలా చేయదంటే అది ఆరలేదన్నమాట. మరేదో జరిగింది. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త రెయోమ్యూర్ పట్టు అంటే ఎండిన జిగురేనని, మనమూ జిగుర్లతో దారం తీయవచ్చని రాశాడు. ఆ ఆశ పట్టుకుని పోయినవాళ్లకు చివరికి దొరికింది రేయాన్. అది చెట్టు గుజ్జు నుంచి వచ్చే సెల్యులోజ్. అందులో ప్రోటీన్ చుక్క కూడా లేదు. అయినా 'ఆర్ట్ సిల్క్' అని ఈనాటికీ అమ్ముతున్నారు.

అడిగినవారి ఊరు గురించి రెండు మాటలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. బరంపురంలోని దేరా (దేవాంగ) నేతగాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఊరంతా చేసుకునే ఠాకురాణీ యాత్ర వాళ్ల పెద్ద దేశీబెహరా చేతుల మీదుగా నడుస్తుంది. వాళ్లు నేసే ఫోడా కుంభ అంచు చీరకు, మగవాళ్లు కట్టే జోడుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ముడిపట్టు ఎక్కువగా కర్ణాటక నుంచి వస్తుంది. ఊరి పక్కనే లౌడిగాంలో, 2016లో మొదలైన ఐసర్ అనే విజ్ఞాన విద్యా సంస్థ ప్రాంగణం ఉంది. అక్కడ ప్రోటీన్ల గురించి చదివే పిల్లలకు ఉదాహరణ కోసం దూరం పోవలసిన పని లేదు.

పాఠం త్వరగా ముగిద్దాం. ప్రోటీన్ అంటే ఇరవై రకాల అమినో ఆమ్లాలు ఒక వరుసలో కలిసిన గొలుసు. ఆ వరుసే దాని ఆకారాన్ని నిర్ణయిస్తుందని క్రిస్టియన్ ఆన్‌ఫిన్సెన్ చూపించాడు. రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమును పూర్తిగా విప్పి వదిలేస్తే అది తనంతట తానే పాత ఆకారానికి వచ్చింది. ఆయనకు 1972లో నోబెల్ ఇచ్చారు. వరుస చూసి ఆకారం చెప్పే ఆల్ఫాఫోల్డ్‌కు గాను డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు, కొత్త ప్రోటీన్లను రూపొందించినందుకు డేవిడ్ బేకర్‌కు 2024లో నోబెల్ వచ్చింది. దాంతో మడతల సమస్య తీరిపోయిందని పత్రికలు సంబరపడ్డాయి. నేను ఒప్పుకోను. ఆల్ఫాఫోల్డ్ చూపించేది చివరి బొమ్మ. పట్టులో అసలు కథంతా ఆ బొమ్మకు ముందు నడుస్తుంది.

అయినా ముందు చివరి బొమ్మే చూద్దాం. పట్టుదారంలోని ప్రధాన ప్రోటీన్ ఫైబ్రాయిన్. దాని పెద్ద గొలుసులో 5,263 అమినో ఆమ్లాలున్నాయి. అందులో వందకు దాదాపు 88 మూడు రకాలే: గ్లైసీన్, అలనీన్, సెరిన్. మూడూ చిన్నవి. గ్లైసీన్-అలనీన్-గ్లైసీన్-అలనీన్-గ్లైసీన్-సెరిన్ అన్న పదమే మళ్లీ మళ్లీ వస్తుంది. ఇది ఎలా పేర్చుకుంటుందో తేల్చడానికి మహామహులు తంటాలు పడ్డారు. లీడ్స్‌లో విలియం ఆస్ట్‌బరీ గొలుసులను సాపుగా, బల్లపరుపుగా పరిచాడు. కేంబ్రిడ్జిలో బ్రాగ్, కెండ్రూ, పెరుట్జ్ 1950లో ప్రోటీన్ గొలుసుకు వీలయ్యే రూపాలన్నీ వరుసపెట్టి అచ్చువేశారు. ఒక్కటీ సరైనది కాదు! గొలుసులో పెప్టైడు బంధం ఉన్నచోట అణువులన్నీ ఒకే తలంలో బిగుసుకుని ఉంటాయన్న సంగతి వాళ్లు పట్టించుకోలేదు. లైనస్ పాలింగ్ పట్టించుకున్నాడు. 1948లో ఆక్స్‌ఫర్డ్‌లో జలుబుతో మంచం పట్టి, కాగితం ముక్క మీద గొలుసు గీసి మడిచి చూస్తే ఆల్ఫా హెలిక్స్ దొరికింది. 1951లో రాబర్ట్ కోరీతో కలిసి బీటా పలకను ప్రకటించాడు. అది ఆస్ట్‌బరీ అనుకున్నట్టు సాపుగా ఉండదు, చీర కుచ్చిళ్లలా మడతలు మడతలుగా ఉంటుంది. 1955లో మార్ష్, కోరీ, పాలింగ్ దాన్ని పట్టుకు అన్వయించారు. గొలుసులు పక్కపక్కన ఎదురెదురు దిశల్లో నిలబడి హైడ్రోజన్ బంధాలతో పలకలవుతాయి. గ్లైసీన్‌లన్నీ పలకకు ఒక పక్క, అలనీన్, సెరిన్‌లు రెండో పక్క ఉంటాయి. పలక మీద పలక పేర్చినప్పుడు గ్లైసీన్ ముఖాల మధ్య 3.5 ఆంగ్‌స్ట్రామ్‌లు, అలనీన్ ముఖాల మధ్య 5.7. (అంత పద్ధతిగా ఉండదని, అటూ ఇటూ కలగలుపుగా ఉంటుందని తరువాత తేలింది. పాలింగూ మనిషే.) ఈ మడతల్లో ఏ కోణాలు వీలవుతాయో, ఏవి కావో చెప్పే పటాన్ని 1963లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ గీశారు. దాన్ని ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది.

పాఠకుడి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. అంత ఒత్తుగా పేర్చుకున్న పలకల మధ్యకు నీటి అణువు దూరలేదు, ఎంత మరిగించినా. ప్రయోగశాలలో ఫైబ్రాయిన్‌ను కరిగించాలంటే గాఢమైన లిథియం బ్రోమైడ్ ద్రావణం కావాలి. చుట్టూ ఉండే జిగురు సెరిసిన్. అదీ ప్రోటీనే కానీ నీళ్లంటే ఇష్టపడే సెరిన్ దానిలో మెండు, బీటా పలకల బిగింపు తక్కువ. అందుకే సబ్బు, సోడా వేసి ఉడకబెడితే వదిలిపోతుంది, బరువులో నాలుగో వంతు దాకా.

మిగతా సగం జవాబే నాకు ఇష్టమైనది. ఇంతగా బిగుసుకోవాలని ఉవ్విళ్లూరే గొలుసు పురుగు పొట్టలో ఎందుకు బిగుసుకోదు?

పట్టుపురుగుకు రెండు పట్టు గ్రంథులుంటాయి, ఒక్కొక్కటి పొడవాటి గొట్టం. వెనక భాగంలో ఫైబ్రాయిన్ తయారవుతుంది. మధ్య భాగంలో నిలవ ఉంటుంది, అక్కడే సెరిసిన్ పూత చేరుతుంది. ముందు భాగం సన్నటి నాళం, నోటి దాకా. నిలవ భాగంలో ప్రోటీన్ వందకు ఇరవై అయిదు నుంచి ముప్ఫై పాళ్లు. మామూలు ప్రోటీన్‌ను అంత చిక్కగా చేస్తే పరీక్షనాళికలోనే ముద్దకడుతుంది. ఇక్కడ మాత్రం రోజుల తరబడి జారుతూనే ఉంటుంది. గొలుసు రెండు చివర్లా, మధ్య మధ్యనా విద్యుదావేశమున్న అమినో ఆమ్లాలు కాపలా కాస్తాయి. అవి నీళ్లను పట్టుకుని, ఒకదాన్నొకటి దూరం నెడతాయి. గొలుసు ఆ దశలో పలకగా కాక వదులు వంపులతో ఉంటుంది. దీన్ని సిల్క్-1 అంటారు, గట్టిపడ్డ రూపాన్ని సిల్క్-2.

ఇక నాళంలోకి దిగగానే కాపలా ఎత్తేస్తారు. వెనక పి.హెచ్. 8కి పైన ఉన్నది ముందుకు వచ్చేసరికి 7కు దిగువకు పడిపోతుంది. కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైము, అంటే మన ఎర్రకణాల్లో బొగ్గుపులుసు వాయువును సంభాళించేదే, ఇక్కడ ఆమ్లాన్ని పుట్టిస్తోందని 2015లో పరిశోధకులు చూపించారు. ఆమ్లం పెరిగేకొద్దీ ఆవేశాలు చల్లారి, గొలుసుల చివర్లు జంటలు కడతాయి. నాళం సన్నబడుతుంటే గొలుసులు ప్రవాహం వెంట బారుగా సాగుతాయి. పురుగు దారం చివరను అంటించి, తల అటూ ఇటూ ఎనిమిది అంకెలా తిప్పుతూ లాగుతుంది. ఆ లాగుడుకు గొలుసులు పక్కపక్కకు చేరి పలకలవుతాయి, నీళ్లను అవే బయటికి నెట్టేస్తాయి. అంటే పురుగు దారాన్ని నెట్టదు, లాగుతుంది. గాలి చేసేది చివరి కొసరు పని మాత్రమే. నిలవలో ఫైబ్రాయిన్ బుడిపెలుగా ఉంటుందని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో జిన్, కాప్లాన్ (2003), ద్రవస్ఫటికంలా పారుతుందని ఆక్స్‌ఫర్డ్‌లో వోల్‌రాత్, నైట్ (2001, సాలీడు మీద) వాదించారు. నా ఓటు ఇద్దరికీ సగం సగం.

శాస్త్రవేత్తల కన్నా ముందే ఈ గుట్టు స్పెయిన్‌లో మూర్సియా జనానికి తెలుసు. వాళ్లు పురుగును వెనిగర్‌లో నానబెట్టి, గ్రంథిని బయటికి తీసి, రెండు చేతులతో సాగదీసేవారు. గేలానికి, కుట్లకు పనికొచ్చే గట్టి తీగ వచ్చేది. ఆమ్లం, లాగుడు: రెండూ అందులో ఉన్నాయి!

ఇంతకీ ఈ పని ఎప్పుడు మొదలుపెట్టాలో పురుగుకు చెప్పేదెవరు? మెదడు. అక్కడి నుంచి పి.టి.టి.హెచ్. అనే నాడీ పెప్టైడు బయల్దేరి ఛాతీలోని గ్రంథిని లేపుతుంది, ఆ గ్రంథి ఎక్డైసోన్ వదులుతుంది, పురుగు మేత మాని గూడు కడుతుంది. మెదడు హార్మోను పంపుతుందని పోలండ్‌కు చెందిన స్టెఫాన్ కోపెచ్ 1917లోనే చెబితే నమ్మినవాళ్లు తక్కువ. జపాన్‌లో కొబయాషి బృందం 1962లో రెండు లక్షలకు పైగా మెదళ్లు తీసి శుద్ధి చేసి, ఆ హార్మోను కొలెస్ట్రాల్ అని ప్రకటించింది. కాదు, నీళ్లలో కరిగే ప్రోటీనేనని ఇషిజాకి పట్టుబట్టాడు. ఆయన బృందమూ దారి తప్పింది: లక్షల తలల నుంచి తీసిన చిన్న పెప్టైడు ఆముదపు పట్టుపురుగు మీద బ్రహ్మాండంగా పనిచేసింది, తన సొంత మల్బరీ పురుగు మీద చేయలేదు. 1984లో దాని వరుస చదివితే ఇన్సులిన్ చుట్టం! దానికి బాంబిక్సిన్ అని పేరు పెట్టారు. అసలు పి.టి.టి.హెచ్. నిర్మాణం 1990లో గానీ దొరకలేదు.

హార్మోన్లకూ పట్టుకూ మెదడొక్కటే చుట్టరికం కాదు. మన పీయూష గ్రంథిలో చాలా పెప్టైడు హార్మోన్లు సంచుల్లో బీటా పలకల తీగలుగా, అమిలాయిడ్‌గా నిలవ ఉంటాయని 2009లో సమీర్ మాజీ, రోలండ్ రీక్ తదితరులు చూపించారు. మాజీ ఇప్పుడు ఐఐటీ బొంబాయిలో ఉన్నారు. ఆ సంచుల్లో ఆమ్లం ఎక్కువ, కాబట్టి హార్మోను మడతపడి కూర్చుంటుంది. రక్తంలోకి రాగానే ఆమ్లం పోతుంది, కరుగుతుంది. పట్టుపురుగు చేసేదీ ఆమ్లంతోనే, కానీ వెనక్కి తిరగని దారిలో. అల్జైమర్స్‌లో మెదడును పాడుచేసే ముద్దలూ ఈ మడతవే. ఆ మడతలోనే చెడు ఉందని పాఠ్యపుస్తకాల్లో రాయడం మానాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏ ఆమ్లంలో పడిందన్నదే విషయం.

దీనివల్ల లాభమేమిటని ఎవరో ఒకరు అడుగుతారు. ఫైబ్రాయిన్‌తో మందులు నిలవ చేయడం, గాయాలకు పట్టీలు చేయడం మీద టఫ్ట్స్‌లో బోలెడు పని జరిగింది. దానివల్ల మరమగ్గాలతో పోటీ పడుతున్న దేరా వీధి మగ్గానికి ఒక్క రూపాయి రాలేదు. అయితే ఒక చిన్న పని ఉంది. ఉడకబెట్టినప్పుడు వదిలే సెరిసిన్ చాలాచోట్ల మురుగు కాలవలోకి పోతోంది. దాన్ని సౌందర్య సాధనాల్లో వాడుతున్నారు, గాయాల మందుల్లో పరీక్షిస్తున్నారు. లౌడిగాం పిల్లలు బరంపురంలో జిగురు తీసే ఇళ్లకు వెళ్లి, ఆ నీళ్లు ఒక సీసాడు తీసుకుని పరీక్షించి చూడాలని నా మనవి.