కాలేజీ కాదు, ఇష్టం ముందు

ఏడో క్లాసు పిల్లల్ని "ఏమవుతావు?" అని అడిగితే మన ఇళ్ళలో తరచు ఒక కాలేజీ పేరే జవాబు. దోహా ఎడ్యుకేషన్ సిటీలో 2003లో మొదలైన టెక్సస్ ఎ అండ్ ఎం ఇంజనీరింగ్ కాలేజీని చూడండి. 2028కల్లా దాన్ని మూసేయాలని అమెరికాలోని బోర్డు 2024 ఫిబ్రవరిలో నిర్ణయించింది. కాలేజీ మీద కట్టుకున్న ప్లాను దానితోపాటే పోతుంది. ఇష్టం మీద కట్టుకున్నది నిలుస్తుంది.

మరి ఇష్టం తెలిసేదెలా? ఖతర్ కెరీర్ డెవలప్‌మెంట్ సెంటర్ వారి 'లిటిల్ ఎంప్లాయీ' కార్యక్రమంలో పిల్లలు అమ్మానాన్నల ఆఫీసుకి వెళ్ళి పని చూస్తారు. మనం ఇంట్లోనే చెయ్యచ్చు. ఓ శుక్రవారం పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఒక బగ్ పట్టుకోండి. కోడ్ నచ్చిందా, స్క్రీన్ డిజైన్ నచ్చిందా, యూజర్ల కష్టం వినడం నచ్చిందా అడిగి రాసిపెట్టండి. ఏటా మళ్ళీ అడగండి. పదకొండో క్లాసులో గ్రూపు ఎంచుకునేనాడు ఆ కాగితాలు పనికొస్తాయి.