వేల్పూర్ పసుపు, 63 లెక్క

నిజామాబాద్ జిల్లా వేల్పూర్ చేలల్లో జూన్ వానలకు నాటే పసుపుకు తల్లి ఉంది, తండ్రి లేడు. నిరుడు తవ్విన దుంపల్లో మంచివి ఏరి దాచి, వాటినే మళ్లీ నాటుతారు. ఎకరానికి ఎనిమిది, పది క్వింటాళ్ల విత్తనం! పక్క చేలో మక్కకు కొన్ని కిలోల గింజలు చాలు. ఈ తేడాకు కారణం 63 అనే అంకె.

కణంలో దారాల్లా ఉండేవి క్రోమోజోములు. వాటి మీద వరుసగా ఉండేవి జన్యువులు. వరికి 24, మక్కకు 20, ఎర్రజొన్నకు 20, మనిషికి 46. అన్నీ సరి సంఖ్యలే. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చి జత కడతాయి మరి. పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు ఆ జతలు విడిపోయి చెరోవైపు పోతాయి. పసుపులో 21 చొప్పున మూడు వరుసలు, మొత్తం 63. మూడింటిని ఇద్దరికి సమంగా ఎలా పంచుతాం? ఒక్కో పుప్పొడి రేణువుకు ఒక్కో తీరు వాటా పడుతుంది. పూత వచ్చినా గింజ కట్టడం అరుదు. ఇలాంటి మొక్కను త్రయస్థితికం అంటారు. మనం తినే గింజలేని అరటి కూడా ఇదే కోవ: 11 చొప్పున మూడు, 33.

పదో తరగతి పిల్లలు చదివే మెండెల్ బఠానీకి 14, సమంగా విడిపోయే సరి సంఖ్య. అందుకే ఆయనకు 7,324 గింజల్లో 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి వచ్చాయి, దాదాపు 3:1. పసుపుతో మొదలుపెడితే ఆ నిష్పత్తి ఆయనకు దొరికేదే కాదు.

దుంప నుంచి మొలిచిన మొక్కకు తల్లి జన్యువులే ఉన్నదున్నట్టు వస్తాయి. దాన్ని క్లోన్ అంటాం. అయినా ఒకే దుంపను రెండు ముక్కలు చేసి ఒకటి ఎర్రనేలలో, ఒకటి నల్లరేగడిలో పెడితే కొమ్ము లావు, పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ శాతం మారొచ్చు. జన్యురూపం ఒకటే, దృశ్యరూపం వేరు. మార్కెట్ యార్డులో ధర పలికేది దృశ్యరూపానికి. కానీ దుంపకుళ్లు వచ్చినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది: చేనంతా ఒకే జన్యురూపమైతే బలహీనత కూడా అన్ని మొక్కలదీ ఒకటే.

2025 జనవరిలో నిజామాబాద్‌కు పసుపు బోర్డు వచ్చింది. ధర గురించి మాట్లాడుకున్నంతగా ఈ విత్తనం గురించీ మాట్లాడుకోవాలని నా కోరిక. కోళికోడ్‌లోని సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ, అరుదుగా కట్టిన గింజల మొలకల్లోంచే ప్రభ, ప్రతిభ రకాలను ఎంపిక చేసింది. రెండింటిలోనూ కుర్కుమిన్ 6 శాతం పైనే. మొలక ఒక్కసారి నచ్చితే చాలు, ఆ తర్వాత గింజతో పనిలేదు. దుంప విరిచి నాటుకుంటూ పోవడమే.