కెమెరా లేని ఫొటో, ఎనిమిదేళ్ల ఫొటో

ఫొటోలతో వచ్చిన తొలి పుస్తకంలో కెమెరాతో తీసిన ఫొటో ఒక్కటీ లేదు. ఇంగ్లండ్‌కు చెందిన వృక్షశాస్త్రవేత్త ఆనా ఆట్కిన్స్ బ్రిటిష్ సముద్రపు నాచుల మీద ఆ పుస్తకం మొదటి భాగాన్ని 1843 అక్టోబరులో తెచ్చారు. నాచు పోగులు మరీ సన్నం, వాటిని చేత్తో ఉన్నదున్నట్టు గీయడం కష్టం. అంతకు ముందు ఏడాదే శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టిన సయనోటైప్ ఆమెకు అక్కరకొచ్చింది. కాగితానికి ఇనుప లవణాలు పూసి, చీకట్లో ఆరబెట్టి, దాని మీద నాచు పరిచి, గాజు పలకతో అదిమి ఎండలో పెట్టాలి. తర్వాత మామూలు నీళ్లలో కడిగితే చాలు. ఎండ తగిలిన చోట ముదురు నీలం, నాచు కప్పిన చోట తెలుపు! పుస్తకంలోని అక్షరాలు కూడా ఆమె చేతిరాతే, అవీ సయనోటైప్‌లోనే దిగాయి. పదేళ్లపాటు ఆమె ఈ పని సాగించారు. రాసింది శాస్త్ర గ్రంథమే అయినా, ఆ పుటల అందం ఏ చిత్రకారుడికీ తీసిపోదు. ఎండకు కొదవలేని మన ఊళ్లలో ప్రతి బడిలోనూ పిల్లల చేత చేయించదగ్గ పని ఇది.

పారిస్‌లో కళాకారుడు మాన్ రే కూడా కెమెరాను పక్కన పెట్టాడు. డార్క్ రూమ్‌లో కాగితం మీదే వస్తువులు పేర్చి లైటు వేసి తీసిన ఆ నీడల బొమ్మలకు తన పేరే కలిపి ‘రేయోగ్రాఫ్’లన్నాడు. పన్నెండింటితో 1922లో ఒక సంపుటి తెచ్చాడు.

వీళ్లిద్దరికంటే నాకు ఫొటోగ్రాఫర్ సూసన్ డెర్జెస్ సాహసం ఎక్కువ ఇష్టం. డార్క్ రూమ్‌ను ఆమె ఏకంగా ఏటికే మార్చేశారు. 1990ల చివర్లో ఇంగ్లండ్‌లోని డెవాన్‌లో, టా నదిలోకి రాత్రిపూట దిగి, పెద్ద ఫొటో కాగితాన్ని నీటి అడుగున ఉంచి, పైనుంచి ఒక్క క్షణం ఫ్లాష్ వెలిగించేవారు. ప్రవాహపు మడతలు, ఒడ్డు మీంచి వంగిన కొమ్మల నీడలు నేరుగా కాగితం మీద పడేవి. వెన్నెల ఎంత ఉందన్న దాన్ని బట్టి బొమ్మ రంగు కూడా మారేది.

అమెరికాలో స్థిరపడిన వియత్నాం కళాకారుడు బిన్ డాన్‌కు కాగితం కూడా అక్కర్లేదు. పచ్చి ఆకు మీద పాజిటివ్ ఫిల్మ్ ఉంచి ఎండలో పెడతాడు. వెలుగు సోకిన చోట ఆకుపచ్చదనం వెలిసిపోయి, యుద్ధంలో నలిగిన మనుషుల ముఖాలు ఆకు మీద తేలతాయి. అవి చెరిగిపోకుండా రెజిన్‌లో పోత పోస్తాడు.

సినిమా మొత్తాన్ని ఒకే ఫొటోలో బంధిస్తే ఏం కనిపిస్తుంది? జపాన్‌కు చెందిన హిరోషి సుగిమోటో 1970లలో ఈ ప్రశ్నతోనే న్యూయార్క్‌లో ఒక సినిమా హాలుకు వెళ్లాడు. బొమ్మ మొదలవగానే షటర్ తెరిచి, అయిపోయాక మూశాడు. వేల దృశ్యాలు ఒకదాని మీద ఒకటి పడి తెర తెల్లటి వెలుగుముద్దయింది. ఆ వెలుగులోనే హాలు గోడల నగిషీలన్నీ కనిపించాయి.

సినిమా నడిచే రెండు గంటలేం లెక్క! ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ రెజీనా వాల్కెన్‌బర్గ్ 2012లో ఒక పానీయం డబ్బాకు సూదిబెజ్జం పెట్టి, లోపల ఫొటో కాగితం అమర్చి, వేధశాల గుమ్మటం దగ్గర ఉంచారు. తర్వాత దాని సంగతే మరిచారు. 2020లో దింపి చూస్తే, ఎనిమిదేళ్ల ఒక నెల పాటు సూర్యుడు నడిచిన దారులన్నీ విల్లుల్లా అందులో ఉన్నాయి. వాటి లెక్క 2,953.

కెమెరా వాడినా ఫొటో నియమాన్ని తప్పిన మరో దారి, మసక. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్‌కు 48వ ఏట కూతురూ అల్లుడూ కెమెరా కానుకగా ఇచ్చారు. ముఖాన్ని దగ్గరగా, కొంచెం మసకగా తీయడం ఆమె పద్ధతి. ఫోకస్ కుదర్చడం చేతకాదని నాటి ఫొటోగ్రాఫర్లు ఈసడించారు. ఆమె పద్ధతి మార్చుకోలేదు. నేడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌గా పిలిచే లండన్ మ్యూజియం మాత్రం 1865లోనే ఆమె ఫొటోలు కొన్నది, 1868లో స్టూడియోకు రెండు గదులూ ఇచ్చింది.